గడియ కోసం ఇంగ్లీషు

కరోనా సెలవుల తరువాత బడులు తెరిచిన ఏడాది, బదిలీ కౌన్సెలింగులో నాకు పెనుకొండ దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వచ్చింది. నా హోదా స్కూల్ అసిస్టెంట్, ఇంగ్లీషు. అంటే ఉన్నత పాఠశాలలో ఒక్క సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయురాలిని. ధర్మవరం నుంచి రోజూ రైలులో వెళ్ళి వచ్చేదాన్ని. రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి చిన్న తరగతులు తీసుకోమన్నారు. నేను తొమ్మిదో తరగతి అడిగి తీసుకున్నాను.

అది అల్లరి తరగతి కాదు. అల్లరి చేసి ఉంటే నా పని సులువయ్యేది. బోర్డు మీద రాసింది ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకునేవాళ్ళు. నోరు మాత్రం తెరిచేవాళ్ళు కాదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడి, కూర్చోమనే దాకా నేల చూసేవాళ్ళు. శిక్షణ తరగతుల్లో నేర్పిన ఆటలు, బొమ్మల కార్డులు అన్నీ వాడాను. మర్యాదగా చూశారు, అంతే.

ఆ తరగతిలో షమీమ్ అనే అమ్మాయి ఉండేది. ఒకరోజు బడి గేటు బయట దుప్పట్లు అమ్మే ఆయనతో ఆమె కన్నడంలో గడగడా మాట్లాడుతుంటే విన్నాను. ఎవరు నేర్పారని అడిగాను.

“ఎవరూ నేర్పల్యా మేడం. మా నాయనోళ్ళు బెంగళూరులో కట్టడం పనికి పోతే నేనూ ఆడే ఉంటి. ఆడ కన్నడంలో అడక్కపోతే బిందెడు నీళ్ళు గూడా ఇయ్యరు. అడిగి అడిగి వచ్చేసింది.”

నా తరగతిలో ఇంగ్లీషుతో అడిగి తెచ్చుకునేది ఏమీ లేదని అప్పుడు అర్థమైంది. మా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి ఒక ఏర్పాటు అడిగాను. శనివారం చివరి పీరియడు ఆయన మా తరగతికి రావాలి. బడి గురించి ఎవరైనా ఇంగ్లీషులో ఏం చెప్పినా, ఎన్ని తప్పులతో చెప్పినా, వినాలి. ఇంగ్లీషులోనే జవాబివ్వాలి. ఆయనది హిందూపురం, లెక్కల మాస్టరుగా చేసి హెడ్మాస్టరైన మనిషి. “వీళ్ళు నోరు తెరిస్తే గదా మేడం,” అని నవ్వి ఒప్పుకున్నారు.

మొదటి శనివారం ఎవరూ లేవలేదు. రెండో శనివారం షమీమ్ లేచింది.

“సర్, గర్ల్స్ బాత్రూం డోర్ నో లాక్. వన్ గర్ల్ ఇన్‌సైడ్, వన్ గర్ల్ అవుట్‌సైడ్ స్టాండింగ్. క్లాస్ గోయింగ్.”

మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె కూర్చోలేదు.

“సో మార్నింగ్ వుయ్ నో డ్రింక్ వాటర్, సర్. ఆల్ గర్ల్స్. నో డ్రింక్.”

నవ్వు ఆగిపోయింది. ఈ సంగతి నాకూ తెలియదు. హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. “మండే. ఐ విల్ డూ,” అని లేచి వెళ్ళిపోయారు. తరువాత నన్ను పిలిపించి, ఇంగ్లీషు చెప్పమంటే తన మీద ఫిర్యాదులు చెప్పడం నేర్పుతున్నానని అన్నారు. ఆ అమ్మాయి నా తరగతిలో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి అని మాత్రం చెప్పాను.

సోమవారం బాత్రూం తలుపుకు గడియ రాలేదు. వారమంతా రాలేదు. ధర్మవరంలో ఏ ఇనుప సామాన్ల అంగడిలోనైనా నేనే కొని తేగలను. తేకూడదనుకున్నాను. నేను తెస్తే అది మేడం దయ అవుతుంది, ఆ పిల్ల మాట వల్ల వచ్చింది కాదు. ఆడపిల్లలు ఇబ్బంది పడుతుంటే ఆగడం కష్టమే. ఆ రోజుల్లో వాళ్ళకు స్టాఫ్ బాత్రూం తాళంచెవి ఇచ్చి ఉంచాను, గడియ మాత్రం కొనలేదు. శనివారం వచ్చింది. హెడ్మాస్టరుకు పెనుకొండలో మీటింగు ఉందని, బయలుదేరబోతున్నారని అటెండరు వచ్చి చెప్పాడు.

“ఇంగ్లీషులో చెప్పినా ఇనరు గదా మేడం,” అంది షమీమ్. తరగతి అంతా నా వైపే చూస్తోంది. ఆ మాటకు నేను తలూపి ఉంటే ఆ ఏడాది అక్కడితో ముగిసేది.

“ఆయన రాకపోతే మనమే పోదాం. ఏమని అడుగుతావు?” అన్నాను.

ఆమె ఆలోచించింది. “చెప్తిరి గదా, చేయల్యా అనాలంటే ఎట్ల మేడం?”

ఆ ఏడాది తరగతిలో ఒక వ్యాకరణ రూపం తనకు కావాలని ఒక పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పాను. ఆఫీసు గది దాకా దాన్ని నోట్లో తిప్పుకుంటూ నడిచింది. వెనక తరగతంతా వచ్చింది.

“సర్, యూ సెడ్ మండే. యూ డిడ్ నాట్ డూ.”

ఆయన అప్పటికే బ్యాగు భుజాన వేసుకున్నారు. కోప్పడతారనుకున్నాను. బ్యాగు దించి ఆడపిల్లల బాత్రూం వైపు నడిచారు. తలుపు లాగి, దగ్గరకు వేసి, మళ్ళీ లాగి చూశారు. అటెండరును బండి మీద ఊళ్ళోకి పంపి, గడియ బిగించే దాకా అక్కడే నిలబడ్డారు. మీటింగుకు ఆలస్యంగా వెళ్ళారు. వెళ్తూ షమీమ్‌తో, “నౌ, డ్రింక్ వాటర్,” అన్నారు.

తరువాతి శనివారం సగం తరగతి లేచింది. గాలి పోయిన వాలీబాల్, మధ్యాహ్న భోజనంలో మెత్తబడని అన్నం, తిరగని ఫ్యాను. ఆయన కొన్ని చేశారు, కొన్నిటికి కాదన్నారు. కాదన్నప్పుడు ఎందుకని అడిగారు పిల్లలు, అదీ ఇంగ్లీషులోనే. గ్రాంటు ఇంకా రాలేదని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆయన శుక్రవారం సాయంత్రం నన్ను అడిగేవారు. ఏడాది చివర అందరూ గొప్పగా మాట్లాడారని చెప్పను. వెనక బెంచీలో ఇద్దరు చివరిదాకా నోరు విప్పలేదు. మిగిలినవాళ్ళు తప్పులతో, భయం లేకుండా మాట్లాడారు. పదో తరగతిలో ఆ తప్పులు దిద్దడం నాకు పెద్ద పని కాలేదు.

రిటైరయ్యాక హిందూపురంలో కొత్త ఉపాధ్యాయులకు అప్పుడప్పుడు శిక్షణ ఇస్తున్నాను. పిల్లలకు ఆసక్తి లేదని వాళ్ళు చెప్పినప్పుడు ఒకటే అడుగుతాను: మీ తరగతిలో ఒక పిల్ల మీరు నేర్పే భాషలో ఒక వాక్యం అంటే, దానివల్ల ఏదైనా మారుతుందా? ఏమీ మారని చోట మాట్లాడకపోవడం బద్ధకం కాదు. ముందు సరిచేయాల్సింది ఆ చోటును.