జమేదారు ఎడమ చెవి

ఈ నాలుగు ముక్కలూ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా ఎదురింటి అక్క పోయిన కబురు నాకు లిఫ్టు దగ్గర తెలిసింది. సింగపూర్‌కి ఆ చివర టాంపినీస్‌లో ఉండే ఆవిడ కూతురు, ఆసుపత్రి నుంచి తల్లి బట్టల సంచీ పట్టుకుని వచ్చి, “అంకుల్, అమ్మ పోయింది. స్లీప్‌లోనే,” అంది. లిఫ్టు వచ్చింది. ఎక్కడం ఇద్దరమూ మరిచిపోయాం. తలుపులు తెరుచుకుని, కాసేపు ఆగి, మూసుకున్నాయి.

ఎందుకు ఊరుకుందామనుకున్నానంటే, ఆవిడ గురించి ఉన్నది ఉన్నట్టు రాయాలంటే చచ్చిపోయిన పోలీసుల గురించి రాయాలి. నా వయసు మనిషి దయ్యాల సంగతులు రాస్తే, మందులు సరిగ్గా వేసుకుంటున్నాడా లేదా అని ఇంట్లో వాళ్ళు డబ్బా తీసి చూస్తారు. పోనీ ఆ సంగతి వదిలేసి రాద్దామంటే, మా అంతస్తులో అందరికీ తెలిసిన నిమ్మకాయ ఊరగాయా, దీపావళికి పంచే మురుకులూ తప్ప ఇంకేం మిగలదు. ఆ మురుకులు నిజానికి చాలా గట్టిగా ఉండేవి. అంచేత పోలీసుల గురించే రాస్తున్నాను.

అక్క పుట్టింది మలేసియాలో, జొహోర్ వైపు ఒక రబ్బరు తోటలో. తాతలది శ్రీకాకుళం వైపు. ఏ ఊరని అడిగితే “సముద్రం పక్కన” అనేది, అదేదో ఒక్కటే ఊరైనట్టు. పెళ్ళయ్యాక జలసంధికి ఇవతల, సింగపూర్ వాయవ్య మూలన అప్పట్లో ఉన్న తోటకి కాపురానికి వచ్చింది. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంది. తరవాత తోట పోయింది, జనానికి ఫ్లాట్లు వచ్చాయి. భర్తతో యూ టీ అనే పేటలో మా ఎదురు ఫ్లాటుకి చేరింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ మధ్య వచ్చిన మనవాళ్ళు, ఐటీ పిల్లలు, ఆవిడ తెలుగు విని మొహమొహాలు చూసుకునేవారు. సగం శ్రీకాకుళం, పావు తమిళం, మిగతాది మలయ్. ఇక్కడి పాత కుటుంబాల వాళ్ళు కనిపించిన ప్రతి మగపిల్లాణ్ణీ అరవంలో తంబీ అని పిలుస్తారు. అక్క పిలిచేది కాదు. తంబీ అనదు, తమ్ముడూ అనదు. నన్ను “ఏమయ్యా” అనేది. అది నేను గమనించేసరికే మా పరిచయం ముదిరిపోయింది.

ఆ తోట చివర, మడ చెట్లు మొదలయ్యే చోట ఒక చిన్న శ్మశానం ఉండేది. ఇప్పుడు మనం కళ్ళు మూసుకుని బస్సులో దాటే ఆ జలసంధి ఒకప్పుడు సరిహద్దులాంటిది. అవతలి ఒడ్డు నుంచి దొంగసరుకు పడవల్లో దిగేది, తోటల్లో ముఠాలు కొట్టుకునేవి. వాటిని ఆపడానికి ఒక చెక్క ఠాణా, ముగ్గురు జవాన్లు, వాళ్ళ మీద ఒక జమేదారు. అంతా తెలుగు, తమిళం వాళ్ళే. ఒకాయన జ్వరంతో పోయాడు, ఒకాయన కత్తిపోటుతో, ఇంకొకాయన పడవ బోల్తాపడి. జమేదారు మాత్రం పడక మీద, ముసలితనంతో పోయాడు. వాళ్ళని సొంతూళ్ళకి చేర్చే దారి ఎవరికీ లేక అక్కడే పాతిపెట్టారు. నాలుగు సిమెంటు దిమ్మలు. జమేదారు దిమ్మ మీద సిమెంటుతోనే పోసిన టోపీ. నేను చూసేనాటికి పేరు చెరిగిపోయి టోపీ మిగిలింది. కొన్ని ఉద్యోగాలు అలాంటివే.

ఠాణా మూసేశాక తోటలో ఆడవాళ్ళకి చెప్పుకునే దిక్కు లేకపోయింది. బస్తీ పోలీసు స్టేషను దూరం, అక్కడి భాష ఇంకా దూరం. మొదట ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ, వాళ్ళు పోయి జమేదారు సమాధి దగ్గరే ఫిర్యాదు చేసేవారట. దానికీ పద్ధతి ఉంది. పాలడబ్బా కడిగి, దాన్నిండా పాలు లేని కాఫీ తీసుకెళ్ళాలి. ఒక చుట్ట వెలిగించి దిమ్మ అంచున పెట్టాలి. ఆయనకి కుడి చెవి వినపడదు, తుపాకి పక్కనే పేలి పోయిందట, కాబట్టి ఎడమ వైపే కూర్చుని చెప్పాలి. అబద్ధం కలపకూడదు. కన్నీళ్ళు పెట్టకూడదు. “ఏడిస్తే ఆయన రాసుకోడు. ఏడుపు అయినాక రమ్మంటాడు,” అనేది అక్క. అన్నిటికన్నా ముఖ్యం, పోయినది దొరికితే మళ్ళీ వెళ్ళి దొరికిందని చెప్పాలి. చెప్పకపోతే ఆయన ఆగడు.

ఒకావిడ పుంజు పోయిందట. ఫిర్యాదు చేసిన నాలుగో రోజు అది తనే తిరిగొస్తే, ఆదివారం కూర వండేసుకుని ఆ మాట చెప్పడం మరిచిపోయింది. ఇంక చూసుకోండి, పొద్దున ఆవిడ రబ్బరు గీతకి బయల్దేరితే వెనక బూట్ల చప్పుడు. ఆగితే ఆగుతుంది, నడిస్తే నడుస్తుంది. చివరికి ఆవిడ వెళ్ళి, తిన్నానండీ, బాగుందండీ అని ఒప్పుకుంటే గానీ పోలేదట. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. పోలీసుల్ని ఆవిడ పాత మలయ్ అలవాటు కొద్దీ ‘మాతా’ అనేది, అంటే కన్ను. “మన మాతాలకి బదిలీ ఉంటాది, రిటైరు ఉంటాది. ఆయనకేటుంది?” అంది.

అక్క తమ్ముడు పోయింది ఆ తోట నుంచే. మీసాలు అప్పుడే వస్తున్న వయసు. ఒక పొద్దున అన్నం తిని, కంచం కడిగి బోర్లించి, సైకిలు గోడకి ఆనించే ఉంచి, నడుచుకుంటూ మడ చెట్ల వైపు వెళ్ళాడు. అంతే. ఆ ముందురోజు పోట్లాట లేదు, ప్రేమ వ్యవహారం లేదు, ఎవరితోనూ పగ లేదు. అసలు పోలీసులు వెతికారు, పడవల వాళ్ళు వెతికారు. శవం తేలలేదు, ఓడెక్కాడన్న కబురూ రాలేదు. “గొడవ పడి ఎల్లిపోయుంటే బాగుండును. కోపం తగ్గినాక వస్తాడనుకుందును,” అని ఒకసారి బీన్స్ తుంచుతూ అంది నాతో. ఇలాంటి మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి, దొరికిందల్లా చదివాను గనక చెబుతున్నాను.

అందరూ ఆగిపోయాక అక్క కాఫీ డబ్బా పట్టుకుని జమేదారు దగ్గరికి వెళ్ళింది. తమ్ముడి పేరూ, ఇంటిపేరూ, ఎడమ మోకాలి మీద మచ్చా అన్నీ చెప్పింది. ఏడవకుండా చెప్పడానికి మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చిందట. ఆ ఫిర్యాదు ఇంకా నడుస్తూనే ఉంది. తోట పోయి, ఆ చుట్టుపక్కలంతా సైన్యం శిక్షణకి తీసుకున్నాక లోపలికి ఎవర్నీ పోనివ్వరు. సమాధులున్న వాళ్ళకి మాత్రం ఏడాదిలో కొన్ని సెలవు రోజులు గేటు తీస్తారు. పక్కనే చైనా వాళ్ళ సమాధులు చాలా ఉన్నాయి, వాళ్ళు కుటుంబాలతో, డబ్బాల్లో కోడి వేపుళ్ళతో వస్తారు. మా అక్క కాఫీతో వెళ్ళేది. మోకాళ్ళు సహకరించనప్పటి నుంచి తోడు నేనే. ఆవిడ ఎడమ వైపు కూర్చుంటే నేను మర్యాదకి కుడి వైపు నిలబడేవాణ్ణి.

ఒక విషయం చెప్పాలి. అక్కడ ఎప్పుడూ గాలి ఉంటుంది, సముద్రం పక్కనే కదా. చైనా సమాధుల దగ్గర అగరొత్తుల పొగ అడ్డంగా కొట్టుకుపోతూ ఉంటుంది. జమేదారు దిమ్మ మీద చుట్ట పొగ మాత్రం తిన్నగా పైకి లేచేది. దిమ్మ చుట్టూ గుబురు ఉంది, గాలి తగలదు అని నాకు నేను చెప్పుకున్నాను. తరవాతి ఏడాది ఆ గుబురు కొట్టేశారు. పొగ తిన్నగానే లేచింది.

రెండేళ్ళ కిందట ఆ నాలుగు సమాధులూ తవ్వి తీసేస్తున్నామని ప్రకటన వచ్చింది. ఈ ఊళ్ళో అది కొత్త కాదు. చచ్చినవాళ్ళకి కూడా ఇక్కడ స్థలం కొంతకాలమే. ఎముకలు తీసి, దహనం చేసి, బూడిద సముద్రంలో కలుపుతారు. ఆ వారం కూతురు వచ్చి తల్లి మంచం మీద కూర్చుంది.

“అమ్మా, క్లోజ్ ద కేస్. మామయ్యకి ఇప్పుడు ఎంత ఏజ్ ఉంటుందో చెప్పు. వెళ్ళి, ఇంక వద్దని చెప్పేసెయ్. నీకూ పీస్, పాపం ఆ తాతకీ పీస్.”

“మూసీమంటే మూసీడానికి అదేటి తలుపా?” అంది అక్క. కానీ గేటు తీసిన రోజు కొత్త చీర కట్టుకుని బయల్దేరింది. చెప్పడానికే వెళుతోందని కూతురూ నేనూ కూడా అనుకున్నాం. చాలాసేపు కూర్చుంది. చుట్ట ఆరిపోయింది. నేను చెవిటి వైపు ఉన్నా నాకు చెవుడు లేదు కదా, చివరి మాటలు వినిపించాయి. “జమేదారు గారూ, ఈ మట్టి తీసేస్తారంట. మావోడు ఇంకా రాలేదు. మరి నానేటి చెప్పను?” చెయ్యి అందించి లేపాను. దారంతా టాక్సీలో కిటికీ బయటికే చూసింది.

తవ్వే రోజు అక్క రాలేదు. నేనూ కూతురూ వెళ్ళాం. పనివాళ్ళు నెమ్మదస్తులు, ముందు దణ్ణం పెట్టి మరీ పార వేశారు. ముగ్గురు జవాన్ల ఎముకలూ దొరికాయి, ఒకాయన బెల్టు బిళ్ళతో సహా. జమేదారు గోతిలో అడుగు దాకా వెళ్ళారు. పెట్టె మేకులు కూడా లేవు. మేస్త్రీ పైకి వచ్చి చేతులు దులుపుకుని, “అంకుల్, నో మోర్ ఆల్రెడీ. సాయిల్ ఓన్లీ,” అన్నాడు. ఇక్కడి నేల పులుపు, ఎముకల్ని తినేస్తుంది, మామూలేనట. పక్కనే పడుకున్న ముగ్గుర్నీ ఎందుకు తినలేదని నేను అడగలేదు. అలాంటప్పుడు పిడికెడు మట్టి కుండలో వేసి పంపుతారు, ఆయనకీ అలాగే చేశారు.

ఈ సంగతి అక్కకి చెప్పొద్దని లిఫ్టులో అనుకున్నాం. తలుపు తీయగానే మా మొహాలు చూసి తనే అడిగింది. చెప్పాను.

“అయితే ఇంకా డ్యూటీ మీదే ఉన్నాడన్నమాట,” అంది. మళ్ళీ తనే, “తిరిగొస్తే ఎక్కడికి రావాలయ్యా ఆయన?” అంది.

అప్పటి నుంచి మధ్యాహ్నం పూట తన గుమ్మానికి ఎడమ పక్కన కాఫీ డబ్బా పెట్టడం మొదలుపెట్టింది. చీమలు పడుతున్నా ఎవరూ ఏమీ అనలేదు. మా వరసలో చైనా కుటుంబాల వాళ్ళు తమ పంచాంగం ఏడో నెలలో, పోయిన పెద్దల కోసం కారిడార్‌లో నారింజపళ్ళు పెడతారు, వాళ్ళకి ఇలాంటివి విడ్డూరం కాదు. విడ్డూరమల్లా నాకే. అన్నం తిని కునుకు తీసే వేళకి కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి బరువుగా, తొందర లేకుండా నడక వినిపించేది. మా గుమ్మం దాటి, ఎదురింటి దగ్గర ఆగేది. పోస్టుమాన్ అనుకున్నాను. ఆదివారం కూడా వినిపించింది. లేచి చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరని భయమో, ఉంటారని భయమో, ఇప్పుడు విడదీసి చెప్పలేను.

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు ముక్కుకి గొట్టం ఉంది. గొంతు బాగా తగ్గింది. నేను అలవాటు కొద్దీ ఎడమ వైపు కూర్చున్నాను, అది చూసి పెదాలతోనే నవ్వింది. తిండి గురించి, టీవీ గురించి ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

“నాను పోతే, ఆయన ఒచ్చి ఎవురికి సెప్తాడయ్యా?”

పక్కమీద ఆవిడ చెయ్యి సవరించాను. నర్సు వచ్చి టైమైందంది.

మండాయ్ శ్మశానంలో దహనానికి మా అంతస్తు మొత్తం వచ్చింది. కూతురు ఏడవలేదు. తల్లి పెంపకం. ఫ్లాటు ఖాళీ చేసే పని నెమ్మదిగా చేసుకుంటోంది. మధ్యాహ్నం నడక నాకు ఇంకా వినిపిస్తుంది. ఇప్పుడు ఎదురింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది.

పోయిన సెలవు రోజున గేటు తీశారని తెలిసి కాఫీ డబ్బా పట్టుకుని వెళ్ళాను. నాలుగు సమాధులు లేకపోయినా చైనా సమాధులు ఉన్నాయి కాబట్టి కుటుంబాలు వరసలో ఉన్నాయి. నా వంతు వచ్చింది. కుర్చీలో కూర్చున్న మలయ్ గార్డు తలెత్తకుండా, “అంకుల్, ఎవరి కోసం?” అని అడిగాడు. అక్క తమ్ముడి పేరు చెప్పాను. ఇంటిపేరు కూడా కావాలన్నాడు. చెప్పాను. రాసుకుని, గేటు తీశాడు.