ఏడో నంబరు ఫొటో

సింగపూర్ వచ్చిన రెండో నెలలోనే జర్మనీలోని ఒక పల్లెటూరి చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. చరిత్ర అంటే నాకు భయం. పదో తరగతిలో అత్తెసరు మార్కులతో బయటపడ్డదాన్ని. కానీ అప్పట్లో ఊరూరికీ వెబ్‌సైట్ ఉండాలని అందరికీ ఆత్రం. కంప్యూటర్ తెలిస్తే ఏ పనైనా చేసేస్తారని మా మీద గట్టి నమ్మకం. రాఫెల్స్ ప్లేస్‌లోని మా ఆఫీసుకు చిన్న చిన్న జర్మన్ పంచాయతీల సైట్లు తయారుచేసే కాంట్రాక్టు వచ్చింది. ఒక ఊరి తాలూకు చరిత్ర, చూడదగ్గ ప్రదేశాలు, ఈ రెండు పేజీలు నా వంతు.

ఆ ఊరి నుంచి కొరియర్‌లో లావుపాటి కవరు వచ్చింది. పంపినాయన అక్కడ బడిపంతులుగా చేసి రిటైరైన పెద్దాయన. అందులో టైపు చేసిన కాగితాలు, తొమ్మిది ఫొటోలు ఉన్నాయి. రాసింది ఇంగ్లిషులోనే గానీ, డిక్షనరీ పక్కన పెట్టుకుని రాసినట్టుంది. ఊరు మొదట ఒక బిషప్పుది. తర్వాత ఒక దొర చేతికి వచ్చింది. ఆయనా అన్నదమ్ములూ పంచుకున్నప్పుడు ఊరి నడుమ పారే వాగుకు ఇవతల సగం ఒకరికి, అవతల సగం ఇంకొకరికి పోయింది. చర్చి ఇవతల, శ్మశానం అవతల. ఆ తర్వాత ఒక రాజు తీసుకున్నాడు, ఇంకో రాజు లాక్కున్నాడు. బాణం గుర్తులు వేసుకుంటూ మూడుసార్లు చదివినా ఎవరి ఊరు ఎవరు తీసుకున్నారో నాకు తేలలేదు.

శనివారం ఆ కవరు ఇంటికి తెచ్చుకున్నాను. ఆంగ్ మో కియోలో ఒక ఫ్లాట్‌లో నేనూ, వరంగల్ అక్క ఒకామె కలిసి ఉండేవాళ్లం. ఆమె యూనివర్సిటీలో పరిశోధన చేసేది. ఇద్దరం ఫొటోలు నేల మీద పరిచాం. ప్రతి ఫొటో వెనక పెన్నుతో నంబరు, ఏ నంబరు ఏమిటో విడిగా ఒక జాబితా. ఒకటి ఫైర్ స్టేషన్, రెండు చర్చి, మూడు పాత పిండిమర, అలా ఏడు దగ్గర కోట. తీరా చూస్తే ఒకటో నంబరు ఫొటో లేదు. ఏడులు మాత్రం రెండున్నాయి. ఒక ఏడుకు నడుమ అడ్డగీత ఉంది.

"అడ్డగీత పెట్టి కొట్టేసిండు. చూడరాదు, అండ్ల ఏమున్నది? ఉత్త గడ్డి," అంది అక్క.

నిజమే. ఆ ఫొటోలో పచ్చటి దిబ్బ, దాని మీద ఒక బెంచీ, అంతే. రెండో ఏడులో ఎత్తైన బురుజుతో రాతి కట్టడం ఉంది. కోట అంటే ఇదే అనుకున్నాను. దిబ్బ ఫొటో పక్కన పెట్టి, సోమవారం ఆఫీసు సొరుగులో అడుగున పడేశాను. ఒకటో నంబరు పంపడం మరిచిపోయి ఉంటాడని ఫైర్ స్టేషన్ గురించి బొమ్మ లేకుండానే రెండు ముక్కలు రాసి సరిపెట్టాను.

సైట్ తెరిచిన వారానికి, సాయంత్రం నాలుగింటికి, ఆఫీసుకు ఫోన్ వచ్చింది. పెద్దాయనే. నెమ్మదిగా, మాట మాట వెతుక్కుంటూ ఇంగ్లిషులో అడిగాడు.

"మా ఫైర్ స్టేషన్‌ను మీరు కోట అన్నారు. ఎందుకు?"

"మీరే రాశారు కదండీ, ఏడు అని."

"అది ఒకటి."

"ఆ ఫొటో నా చేతిలోనే ఉందండీ. ఏడే."

"అమ్మా, ఆ అంకె వేసింది నేను. అది ఒకటి. మేం ఒకటికి పైన కొక్కెంలా గీత పెడతాం. మా ఏడుకు నడుమ గీత ఉంటుంది."

సొరుగు అడుగు నుంచి గడ్డి ఫొటో తీశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను.

"ఇందులో కోట ఏదండీ?"

"లేదు. దిబ్బ కింద పునాదులు ఉన్నాయని మా తాత చెప్పేవాడు. నేను చూడలేదు."

"మరి ఆ బురుజు?"

"మంటలార్పే నీళ్ల గొట్టాలు వేలాడదీసి ఆరేసుకోవడానికి. మొన్న ఆదివారం సైకిళ్ల మీద ఎవరో కోట చూడ్డానికి వచ్చారు. మావాళ్లు ఫైరింజన్ చూపించి పంపారు."

ఆయనకు కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో ఆ గొంతును బట్టి చెప్పలేకపోయాను. క్షమించమన్నాను. ఉన్నట్టుండి మా ఊరి బడి వెనక కోటదిబ్బ గుర్తొచ్చింది. అక్కడా తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. అయినా అందరం కోటదిబ్బ అనే అనేవాళ్లం. ఆ మాట ఆయనతో అంటే, "ఏ రాజుది?" అని ఆసక్తిగా అడిగాడు. తెలియదన్నాను. ఒక పంతులు ముందు పాఠం రాక నిలబడ్డట్టయింది నాకు.

ఫోన్ పెట్టేసి ఫొటోలు మార్చడానికి కూర్చున్నాను. మా మేనేజరు స్థానిక చైనీయుడు, అక్కడివాళ్లందరిలా మాట చివర 'లా' తగిలిస్తాడు. వచ్చి స్క్రీన్ చూసి కళ్లు చిట్లించాడు.

"వై యూ చేంజ్? టవర్ సో నైస్. దిస్ వన్ ఓన్లీ గ్రాస్, లా."

"దిస్ ఈజ్ ద కాజిల్," అన్నాను.

"వేర్?"

చూపిద్దామని వేలు ఎత్తాను గానీ, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కస్టమర్ అడిగాడని చెప్పాను. ఆ మాటతో తలూపి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి అక్కకు జరిగిందంతా చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వి, మళ్లీ ఆలోచనలో పడింది.

"ఇంతకూ ఆ దిబ్బ మీద కోట ఉండెనా, లేదా?"

"తెలీదక్కా."

"వాగుకు ఏ దిక్కున్నది? దాన్ని బట్టి ఎవరి కోటనో తెలుస్తది."

అదీ నేను సరిగ్గా రాశానో లేదో నమ్మకం లేదు. కాగితాలు మళ్లీ బయటికి తీశాను.