గోడకెక్కిన చేను

దువ్వాడలో మా ఇంటి పక్క స్థలంలో పునాదికి గొయ్యి తవ్వారు. వాన వెలిశాక అందులోకి మట్టి సన్నగా జారే చప్పుడు వింటే ఇప్పటికీ నా అరికాళ్ళు జిల్లుమంటాయి. ఆ చప్పుడు వినడం నాకు నేర్పింది సింహాచలం అత్త.

డెబ్బైల చివర్లో భీమిలి దగ్గరి ఊరికి కోడలిగా వెళ్ళాను. అత్త మా పొరుగామె, ఒంటరి మనిషి. ఆమెకు ఆధారమల్లా ఎర్రమట్టి గెడ్డ ఒడ్డునున్న చోడి చేనే. గెడ్డంటే వాననీళ్ళు కోసిన లోతైన వాగు, చోళ్ళంటే రాగులు. ఏటా వానలకు గెడ్డ ఒడ్డును కోసుకుంటూ చేనులోకి వచ్చేది. అత్త రోజూ లోపలికి దిగి, జారిన మట్టిని తట్టతో పైకి మోసేది. అంత గోతికి తట్టెడు మట్టేమిటని నాకు నవ్వొచ్చేది.

ఒక మధ్యాహ్నం నన్ను చేనులో కూర్చోబెట్టి, చెవి నేలకు ఆనించమంది. మంచి ఎండ, గాలి లేదు. లోపలెక్కడో ఎవరో చోళ్ళు చెరుగుతున్నట్టు వినిపించింది.

"వాన నేదు కదత్తా, ఏటది?"

"గెడ్డ సేను తింతంది. ఒడ్డుమీద గడ్డి ఏళ్ళే దాన్ని ఆపతన్నాయి. ఆ మట్టి మాత్రం ముట్టుకోకు."

శ్రావణంలో మా ఆడపడుచు పెళ్ళి. గోడలు అలకడానికి ఊరి ఆడవాళ్ళు దూరపు గుంట నుంచి ఎర్రమట్టి తెచ్చుకునేవాళ్ళు. నాకు బద్ధకమెక్కువ. అత్త లేని వేళ చూసి, ఒడ్డున గడ్డి పెల్లగించి, గునపంతో నాలుగు తట్టలు తవ్వి మా వీధి గోడ అలికాను.

రెండు రోజులు వాన కురిసింది. తెల్లారేసరికి సగం చేను గెడ్డ అడుగున ఉంది. ఎవరో ఎత్తి కింద పెట్టినట్టు, ఒక్క మొక్కా వాలకుండా కంకులతో నిలబడి ఉంది.

అత్త గునపం గాట్లు చూసింది. నేరుగా మా వీధి గోడ దగ్గరికొచ్చి చెవి ఆనించింది.

"బాగా అలికావమ్మా. ఇది నా సేనే," అంది. మళ్ళీ చెవి ఆనించి, "ఇక్కడా జారతంది," అంది.

నేనూ చెవి పెట్టాను. అదే చప్పుడు. సిగ్గుతో, భయంతో ఏడ్చాను. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. మర్నాటి నుంచి నేనూ తట్ట పట్టాను.

నాలుగేళ్ళకు మా ఆయనకు ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరికి, ఊరు వదిలి దువ్వాడ వచ్చాం. ఆ రోజు అత్త మా గోడ నుంచి మట్టిపెళ్ల ఒకటి గీరి నా కొంగున కట్టింది. తర్వాత మిగిలిన చేనూ పోయింది, అత్తా పోయింది.

ఆ మట్టి మా కిటికీ దగ్గర కుండీలో ఉంది. ఏటా నాలుగు చోళ్ళు చల్లుతాను. మధ్యాహ్నాలు కుండీకి చెవి ఆనిస్తాను. చప్పుడు వినిపిస్తే, కింది పళ్ళెంలోకి జారిన మట్టిని వేళ్ళతో తీసి మళ్ళీ పైన వేస్తాను.