ఇప్పసార రాసిన చేతులు

మొన్న కామారెడ్డిలో మనవరాలికి టీకా వేయించడానికి వెళ్తే, నర్సమ్మ స్పిరిట్‌లో ముంచిన దూదితో పిల్ల తొడ తుడిచింది. పిల్ల సూదిని చూడకముందే ఏడుపు లంకించుకుంది. నేనేమో ఆ వాసనకు ముసిముసిగా నవ్వుకుంటూ కూర్చున్నాను. సారా వాసన తగిలితే ఎవరికైనా ఏ తాగుబోతు మేనమామో గుర్తుకొస్తాడు. నాకు మాత్రం మెడలో తులసిమాలతో, నుదుట రూపాయంత కుంకుమతో, ఏకాదశి నాడు ఉల్లిగడ్డ వాసన కూడా ఇంట్లోకి రానివ్వని మా అత్తమ్మ గుర్తుకొస్తుంది.

నేను పుట్టింది కామారెడ్డిలో, మెట్టింది ఎల్లారెడ్డిలో. మా పుట్టింట్లో సీసా అంటే సగం మందే. ఒంట్లో వేడి చేస్తే పొద్దుటి ఈతకల్లు, పడిశం పట్టి ముక్కు మూసుకుపోతే వేడినీళ్లలో చెంచాడు బ్రాందీ, మోకాళ్లు పట్టేస్తే సారా మర్దన. మందుకని తెచ్చింది మిగిలితే పారబోయడం పాపమని మా తాత నమ్మకం. ఆ పాపం మాకెవరికీ అంటకుండా ఆయనొక్కడే చూసుకునేవాడు. అత్తవారింట్లో ఇవేవీ చెల్లవు. అత్తమ్మ, మామ ఇద్దరూ పండరిపురంలో మాల వేసుకున్నవాళ్లు. మాంసం, మద్యం తినడం తాగడం అటుంచి, ముట్టుకోవడం కూడా లేదు. ఒక్కసారి మాల తీస్తే మళ్లీ పండరిలో మాల వేసిన గురువు మహారాజ్ చేతులతోనే పడాలి, ఆయన వేస్తానంటేనే.

నా పెద్ద బిడ్డ చంటిపిల్లగా ఉన్నప్పుడు నా కుడి భుజం పట్టుకుపోయింది. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకొని, తల వంచుకొని బీడీలు చుట్టేదాన్ని. దానివల్లనో, బాలింతగా చల్లగాలి తగిలినందువల్లనో తెలియదు. జడ వేసుకోలేను, బిందె ఎత్తలేను. అవన్నీ పోనీ, తొట్టెలో ఏడుస్తున్న పిల్లను చేతుల్లోకి తీసుకోలేను. ఎవరైనా ఎత్తి ఒళ్లో పెడితేనే పాలు. అది ఏడ్చేది, దాన్ని చూసి నేను ఏడ్చేదాన్ని. డాక్టరు గోలీలిచ్చాడు, కాపడం పెట్టమన్నాడు. చెయ్యి మాత్రం పైకి లేవలేదు. ఇక ఇంతేనేమో, నా బిడ్డను నేను ఎత్తుకోలేనేమోనని లోపల్లోపల కుమిలిపోయాను.

చూడ్డానికి వచ్చిన మా అమ్మ నోరు ఆపుకోలేక, "ఇప్పసారల ముద్దకర్పూరం కరగబెట్టి రుద్దితె పోతది వదినా" అంది. మర్నాడు మామ తండా నుంచి ఇప్పపూల సారా సీసా తెచ్చాడు. ముట్టుకోకూడదు గనక తండావాళ్లతోనే దాన్ని సంచిలో కట్టించి, చేతికర్ర చివరన వేలాడదీసుకొని, ఒంటికి దూరంగా పట్టుకొని నడిచొచ్చాడట. దారిలో చూసినవాళ్లు పామును పట్టి తెస్తున్నాడనుకున్నారట. సీసా దేవుడున్న ఇంట్లోకి రాకుండా కొట్టంలో గేదెల పక్కన ఆగింది. నా వైద్యమూ అక్కడే.

మర్దనకు పక్కింటి చిన్నమ్మను పిలిచారు. ఆమెకు మాలా లేదు, మొహమాటమూ లేదు. అరచేతిలో కాస్త పోసుకునేది, నోట్లో కాస్త పోసుకునేది. ఇదేంటని అడిగితే, "రుద్దే చేతికి సుత బలం ఉండాలె గద పిల్లా" అనేది. ఆమెకు బలం వచ్చింది, పాట వచ్చింది, గడ్డిమోపుకు ఆనుకొని నిద్రా వచ్చింది. సీసా అడుగంటింది. నా భుజం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. తాగే అలవాటున్న మనిషి చేతికి సీసా అప్పగించిన తెలివి, తాగుడంటే ఏమిటో ఎరగని మా ఇంటికే చెల్లింది.

రెండో సీసా వచ్చిన పొద్దున అత్తమ్మ స్నానం చేసి, దేవుడి ముందు కూర్చొని మాల తీసింది. తీసి పటం కింద పెట్టి, కొట్టంలోకి వచ్చి చీర కొంగు నడుముకు దోపుకుంది. వద్దన్నాను, పాపం తగులుతుందన్నాను.

"తగిలితె నాకు తగుల్తది. పిల్లది నీ సంక ఎప్పుడెక్కాలె? ఇటు తిరుగు" అంది.

మొహం పక్కకు తిప్పుకొని, ఊపిరి బిగబట్టి, మధ్యమధ్య విఠలా విఠలా అనుకుంటూ రుద్దేది. పిండి పిసికిన చేతులు, పేడ అలికిన చేతులు; ఆ బరువు, ఆ వేడి నా భుజానికి ఇప్పటికీ తెలుసు. నొప్పికి నేను అరిస్తే ఇంకా గట్టిగా రుద్దేది. మెల్లమెల్లగా చెయ్యి కదిలింది. ఒక పొద్దున ఎవరినీ పిలవకుండా తొట్టెలోంచి పిల్లను నేనే ఎత్తుకున్నాను. అత్తమ్మ చూసి, చూడనట్టు పొయ్యి ఊదుకుంది. గుణం ఇప్పసారదా, కర్పూరానిదా, ఆమె చేతులదా అంటే నేను చెప్పలేను. ఇప్పటి డాక్టర్లు మర్దనే పని చేసి ఉంటుందంటారు. నాకు ఆ తగువుతో పని లేదు.

మాల లేని మెడతో ఆమె భజనలో కూర్చోలేదు. గడప బయట నిలబడి వినేది. నైవేద్యం వండలేదు. మామ వండిన మాడు నైవేద్యంతోనే దేవుడు ఆ ఏడు గడుపుకున్నాడు. ఆషాఢం వచ్చాక పండరి వెళ్లాం, పిల్లను నేనే ఎత్తుకొని. అత్తమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మహారాజ్ అంతా విని, తప్పయిందని ఒక్క మాట అను, వేస్తానన్నారు. నేను వెనక నుంచి ఆమె కొంగు లాగాను, అనేయమని.

అత్తమ్మ చేతులు జోడించి, "తప్పయితె కాలే మహారాజ్. మల్ల గట్లనే అయితె మల్ల తీస్త" అంది.

ఇక మాల దొరకదనుకున్నాను. ఆయన నా సంకలో ఉన్న పిల్లను ఒకసారి చూసి, అత్తమ్మను మెడ వంచమన్నారు.

ఆమెకు ఆనాడున్న వయసు నేను ఎప్పుడో దాటాను. ఆ వయసు వస్తే అంతటి మనసు కూడా దానంతటదే వస్తుందనుకునేదాన్ని. ఏళ్లు మాత్రమే అడక్కుండా వచ్చాయి.