ఒకటో పాట ముందే వచ్చేసింది

అశోక్ నగర్ హాస్టల్‌లో నా రూమ్మేట్ పోటీ పరీక్షల కోచింగ్ మానేసి ఒక ఎఫ్ఎం రేడియోలో చేరింది. ఆదివారం ఉదయం ఆ వారం టాప్ టెన్ పాటలు పదో స్థానం నుంచి ఒకటో స్థానం దాకా వరసగా వినిపించడం ఆమె పని. మొదటి కార్యక్రమం వినడానికి మేమంతా హాస్టల్ కింద టీ కొట్టు దగ్గర చేరాం. కొట్టు నడిపే అక్క రేడియో సౌండ్ పెంచింది.

పదో పాట నుంచీ నా రూమ్మేట్ పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతోంది. అది మా గదిలో వినే గొంతు కాదు. ఐదో స్థానం అని చెప్పి పాట వేసింది. పాట అయిపోయాక రేడియోలో మాట లేదు.

"అయ్యో, పరేషాన్‌ల ఒకటో నంబర్ పాట ఇప్పుడే వేసేసిన," అంది చివరికి, తన మామూలు గొంతుతో. "ఇగ దాచేదేముంది? గెలిచిందేదో మీకు తెలిసిపోయింది. మిగతా పాటలు జర నా కోసం వినుండ్రి."

కొట్టు దగ్గర అందరూ నవ్వేశారు. "ఈ పిల్ల ఇప్పుడు మంచిగ మాట్లాడుతున్నది," అంది అక్క. ఒక్కరూ లేచి వెళ్లలేదు.

మధ్యాహ్నం ఆమె ఉబ్బిన కళ్లతో వచ్చింది.

"ఉద్యోగం పోయిందా?" అన్నాను భయంగా.

"లేదే. వినేటోళ్లు మస్తు మంది ఫోన్ చేసిండ్రంట. వచ్చే వారం గూడ గట్లనే మాట్లాడు, పాటలు మాత్రం వరసలో వెయ్యి అన్నడు మా సార్."

సాయంత్రం ఇద్దరం నారాయణగూడ దాకా నడిచి వెళ్లి ఐస్‌క్రీం తిన్నాం. వచ్చే ఆదివారం రేడియోలో ఏం చెప్పబోతోందో దారంతా ఆమె నాకు చెప్పి వినిపిస్తూనే ఉంది.