గేటు దగ్గర కొలిచిన ఆయిలు

ఆ కారును అమ్మి చాలా ఏళ్లయింది. 1968లో అది కొత్తగా ఉన్నప్పుడు, ఇంజను ఎంత ఆయిలు తాగుతోందో తేదీలతో సహా డైరీలో రాసుకునేవాణ్ణి.

ఒక ఉదయం కొత్తవలస రైల్వే గేటు మూసి ఉంది. కారు ఆపగానే ఇంజనులో ఆయిలు కొలిచే పుల్ల తీసి చూశాను. ముందురోజు ఇంటి దగ్గర నిండుగా ఉన్నది అంగుళం తగ్గింది.

"ఆయిలు ఎవరికి అమ్మావు? రేపటి నుంచి పనిలోకి రావద్దు" అన్నాను డ్రైవరు అప్పన్నతో.

"నానెందుకు తీస్తానండి బాబూ!" అన్నాడతను.

వెనుక లారీలోంచి దిగిన ముసలి డ్రైవరు నవ్వాడు. "ఏటి బాబూ, ఇక్కడ రోడ్డు ఎత్తు. బండి ముక్కు ఆకాశం సూస్తన్నాది, నూనె ఎనక్కి పోనాది. సదునులో ఆపి, పది నిమిసాలు తాళి సూడండి."

గేటు దాటాక చదునైన చోట కారు ఆపించి, గడియారం చూస్తూ పది నిమిషాలు ఆగాను. ఆయిలు పై గీత దగ్గరే ఉంది. ఆ ముసలాయన పేరైనా అడగలేదు; ఆయన లారీ ఎప్పుడో హారను కొట్టి మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. అప్పన్న పుల్ల తుడిచి పెట్టాడు.

క్షమించమనడం నాకు చేతకాలేదు. మరునాటి నుంచి కొలత అప్పన్నే చెప్పేవాడు. నేను వంగి చూడకుండా రాసుకునేవాణ్ణి.