అప్పన్న మావయ్య మోకాలికి నేను వేసిన మార్కు

2023లో, వానలు తగ్గుముఖం పట్టాక జరిగింది ఇది. అప్పటికి బర్మాలోని యాంగోన్‌లో, అదే మన పాత రంగూన్‌లో, ఫిజియోథెరపిస్టుగా నాకు ఇరవై రెండేళ్ల అనుభవం. ఊరికి వాగు అవతల, తాకేటాలో మందుల షాపు వెనక చిన్న క్లినిక్ మాది. రెండు బల్లలు, ఒక నిలువుటద్దం, కిటికీ చువ్వలకు కట్టిన రబ్బరు పట్టీలు. కరెంటు ఉంటే మిషన్లు, లేకపోతే నా రెండు చేతులు. ఆ ఏడాదంతా దాదాపు చేతులతోనే గడిచింది. సాయంత్రమయ్యేసరికి బొటనవేళ్లు నా మాట వినేవి కావు, ఇంటికెళ్లి అన్నం కలుపుకోవాలన్నా విసుగొచ్చేది.

మాలిష్‌కీ మా పనికీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. మేము ముట్టుకునే ముందు అడుగుతాం, అదీ తేడా. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పమంటాం. దాన్నే పెయిన్ స్కేల్ అంటారు. రోగి చెప్పిన అంకె కార్డు మీద ఎక్కుతుంది. ఏ కసరత్తు చేయించాలి, ఎవరిని డాక్టరు దగ్గరికి తిప్పి పంపాలి అన్నదంతా ఆ అంకెను బట్టే. నేను ఒక కార్డు మీద తప్పు అంకె వేశాను. ఆ సంగతే ఇది.

అప్పన్న మావయ్య నాకు చుట్టమేమీ కాదు. బోటాటౌంగ్‌లో మా పుట్టింటి వీధిలో పెద్దవాళ్లందరూ మాకు మావయ్యలూ అత్తలూ. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాడు. మావయ్య కుర్రతనంలో రేవు కార్మికుల ఫుట్‌బాల్ జట్టులో రైట్ వింగ్ ఆడేవాడు. మైదానం కుడి అంచున బంతి తీసుకుని పరుగెత్తడం ఆయన పని. ఎంతమంది మీద పడినా పడేవాడు కాదని మా నాన్న పొంగిపోయి చెప్పేవాడు. అలాంటి మనిషి ఒక ఫైనల్లో, ఆట సగం మిగిలుండగా, గడ్డి మీద కూర్చుని చెయ్యెత్తి బయటికి వెళ్లిపోయాడు. జట్టు ఓడిపోయింది.

ముప్పై ఏళ్లు దాటినా మా వీధి టీ కొట్టులో ఆ వాదన తెగలేదు. ఎంత దెబ్బకైనా లొంగని మొండివాడని కొందరు, అసలు సమయానికి జారుకున్నాడని కొందరు. ఆ ఏడాది పాత ఆటగాళ్ల సంఘం గోడ మీద బోర్డు పెట్టి గొప్పవాళ్ల పేర్లు రాయిస్తామంది. దాంతో వాదన మళ్లీ రాజుకుంది. బోర్డు పెట్టే ఆదివారం పాతవాళ్లతో ఒక స్నేహపు ఆట కూడా పెట్టారు. మావయ్యకు అరవై రెండు. అరవై దాటినవాళ్లు ఫిట్‌నెస్ స్లిప్, అంటే ఆడవచ్చని డాక్టరు సంతకం చేసిన చీటీ, తేవాలి. డాక్టరు నా కార్డు చూసి సంతకం పెడతాడు.

మావయ్యతో పాటు ఊ టిన్ మౌంగ్ వచ్చాడు (పేరు ముందు ఊ అంటే మన 'గారు' లాంటిది). అదే జట్టుకు గోల్‌కీపరు. బర్మా వాడే అయినా మా వీధిలో పుట్టి పెరిగినవాడు, తెలుగు మాలాగే మాట్లాడతాడు.

"సయామా, ఈడి కాలు బాగా సూడు. మళ్లీ మద్దిలో కూకుండిపోతే మా పరువు పోద్ది," అన్నాడు నవ్వుతూ. బర్మాలో టీచరమ్మనీ నర్సునీ సయామా అని గౌరవంగా పిలుస్తారు.

"నీ నోరు ముయ్యరా," అన్నాడు మావయ్య. నవ్వలేదు.

మోకాలు వంచి పట్టుకున్నాను. "నొప్పుందా మావయ్యా?"

"యబాదే."

"అంకె చెప్పు."

"యబాదే అంటన్నాను కదా తల్లీ. నీకు నచ్చినంత ఏసుకో."

యబాదే బర్మా మాట. ఫరవాలేదు, అవుతుంది, చాలు, అన్నిటికీ అదొక్కటే. బస్సులో కాలు తొక్కితే యబాదే. కప్పు కారుతుంటే యబాదే. మూడు తరాలుగా అనీ అనీ అది మన మాట కాదన్న సంగతి కూడా మర్చిపోయాం. నేను దాన్ని తెలుగులోకి మార్చుకుని "కొంచెమే" అనుకున్నాను. కార్డు మీద రెండు వేశాను.

పాదం పక్కకు తిప్పినప్పుడు మోకాల్లో టక్కుమంది. ఆయన నుదురంతా చెమట. కరెంటు లేదు, ఫ్యాను లేదు, నాకూ చెమటే పడుతోంది కదా అనుకున్నాను. బయట ఇంకా తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. నిజం చెప్పాలంటే విసిగిపోయి ఉన్నాను, తొందరగా తెమిలిపోతే చాలనిపించింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, వయసుకు తగ్గ అరుగుదలే అని, నా రెండు చూసి సంతకం పెట్టాడు. మోకాలి కీలు మధ్య మెత్తటి దిండులాంటిది ఉంటుంది, దాని పేరు మెనిస్కస్. అది చిరిగితే ఎక్స్‌రేలో కనపడదు. చేతికి తెలుస్తుంది. నా చేతికి తెలిసింది, నేనే పట్టించుకోలేదు.

ఆదివారం నేనూ వెళ్లాను. మైదానమంతా బురద. కాసేపటికే మావయ్యకు కుడివైపు బంతి దొరికింది. పరుగు అందుకుని లోపలికి తిరిగాడు. ఒళ్లు తిరిగింది, పాదం బురదలోనే ఉండిపోయింది. పడ్డాడు. లేచాడు! ఇంకో పది నిమిషాలు ఆ కాలు ఈడ్చుకుంటూ ఆడి, ఆ తర్వాత లేవలేకపోయాడు. జారుకున్నాడన్న నోళ్లే మెచ్చుకుంటూ ఈలలు వేశాయి. ఊ టిన్ మౌంగ్ ఏడ్చేశాడు. నేను బురదలోకి పరుగెత్తాను.

మెనిస్కస్‌తో పాటు కీలును పట్టి ఉంచే లిగమెంటు కూడా తెగింది. వాళ్ల ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. నలుగురు కుర్చీలో మోసుకెళ్లి పైన దించారు. వారానికి రెండుసార్లు వాగు దాటి బస్సులో వెళ్లి, ఆ ఇరుకు మెట్లు ఎక్కి కసరత్తు చేయించేదాన్ని. మొదటి రోజే ఆయన భార్య నూకాలమ్మ అత్త నన్ను వంటగదిలోకి పిలిచింది.

"ఏ మార్కేసినావు తల్లీ?"

"రెండు, అత్తా."

"ఓలమ్మా, రెండా! అంతస్తు అంతస్తుకీ గోడట్టుకుని నిలబడిపోతన్నాడు ఏడాది నుంచీ. నన్నడగొచ్చు కదే!"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఆ ఫైనల్‌కు ముందు ఆటలోనే ఇదే మోకాలు మెలిక పడిందట. కోచ్‌కు చెప్పాడట. ఆడాల్సిందేనంటే ఆడాడట, ఇక కాలు నేల మీద ఆనకపోయేసరికి చెయ్యెత్తాడట.

"పుట్టి బుద్దెరిగాక ఆ ఒక్కపాలే నొప్పని నోరిప్పినాడు. ముప్పై ఏళ్లు పిరికోడనిపించుకున్నాడు. మరింకెప్పుడైనా సెప్తాడేటి?"

నెల తిరక్కముందే సంఘం వాళ్లు దండ పట్టుకుని వచ్చారు, ఊ టిన్ మౌంగ్ అందరికంటే ముందు. బోర్డు మీద ఆయన పేరే మొదట రాశామన్నారు. కూర్చోగానే మళ్లీ వాదన మొదలు. పాత ఫైనల్ లెక్కలోకి రాదని ఒకాయన, ఈ ఒక్క ఆటతో అది చెరిగిపోయిందని ఇంకొకాయన. ఆ మోకాలికి కట్టు మారుస్తూ నేను కిందే కూర్చున్నాను.

మావయ్య దండ తీసి పక్కన పెట్టాడు.

"ఒరే, ఆ రోజు నొప్పెట్టింది, సెప్పినాను, కూకున్నాను. రెండు నెలల్లో మళ్లీ పరిగెట్టినాను. మొన్న నొప్పెట్టింది, సెప్పలేదు, కూకోలేదు. ఇగో, ఇలా ఉన్నాను. ఏ రోజు మగతనమో మీరే తేల్చుకోండి. నాకైతే ఓపిక నేదు."

టీ తాగి వెళ్లిపోయారు. నాకు లేచి నిలబడటానికి మొహం చెల్లలేదు.

ఇప్పటికీ నేను అంకె అడుగుతాను, కార్డు మీద వేస్తాను. దానికంటే ముందు ఇంకోటి అడుగుతాను: "నొప్పని చెబితే నిన్ను ఎవరేమంటారు?" ఒక్కొక్కరూ చెబుతారు: మేస్త్రీ అని, అత్తగారని, కొడుకని. అది విన్నాకే మోకాలు ముట్టుకుంటాను. పని నెమ్మదైంది, బయట కూర్చున్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. అప్పన్న మావయ్యను ఆ రోజు ఈ ఒక్క మాట అడిగి ఉంటే, ఆయన తన కాళ్లతో నాలుగంతస్తులు దిగి వెళ్లి ఆ బోర్డు చూసుకునేవాడు. ఇంతవరకు చూడలేదు.